టీవీలో గుండ్రం తిరుగుతోందా? ప్లాన్ మార్చే ముందు ఇవి చూడండి

ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడిలో రాత్రి ఎనిమిదయ్యేసరికి వీధిలో చాలా ఇళ్లలో ఒకటే గోల, సీరియల్ మంచి పట్టులో ఉండగా బొమ్మ ఆగిపోయి తెర మధ్యలో గుండ్రం తిరగడం. వెంటనే నెట్ వాడికి ఫోన్ చేసి తిట్టడమో, పెద్ద ప్లాన్‌కి మారడమో చేస్తాం. నేనూ 100 ఎంబీపీఎస్ (నెట్ వేగం కొలత) నుంచి 200కి మారాను. డబ్బులు పోయాయి గానీ గుండ్రం పోలేదు. నెట్‌ఫ్లిక్స్ వాళ్ల లెక్క ప్రకారం 1080పీ (ఫుల్ హెచ్‌డీ) వీడియోకి 5 ఎంబీపీఎస్, అంతకన్నా స్పష్టమైన 4కేకి 15 ఉంటే చాలు. మరి 200 ఏమైపోతున్నట్టు?

ఎక్కడ ఆగుతోందో ముందు తేల్చుకోండి. ల్యాప్‌టాప్‌ని రౌటర్‌కి ల్యాన్ వైరుతో కలిపి నెట్ వేగం చూపించే ఫాస్ట్ డాట్ కామ్ తెరిచి చూడండి. తర్వాత అదే ల్యాప్‌టాప్ టీవీ పక్కన పెట్టి, వైరు తీసేసి, వైఫై మీద చూడండి.

వైరు మీద బాగుంది, టీవీ దగ్గర పడిపోయింది: తప్పు వైఫైది.

మా ఇంట్లో ఇదే. ఫైబర్ వైరు వీధి గది కిటికీలోంచి వచ్చిందని, అమర్చిన కుర్రాడు రౌటర్‌ని అక్కడే అద్దం బీరువా వెనక మేకుకి తగిలించి వెళ్లిపోయాడు. ఇనప బీరువా, దానికి నిలువెత్తు అద్దం, ఆ వెనక తాతల నాటి మూరెడు మందం గోడ, అది దాటితే టీవీ. రౌటర్ దగ్గర 180, టీవీ దగ్గర 4! బీరువా వెనక నుంచి తీసి గుమ్మం పక్క అటక మీద పెడితే 35 వచ్చింది. ఆ తర్వాత పట్టుబట్టి 20 మీటర్ల ల్యాన్ వైరు (క్యాట్ 5ఈ రకం) రౌటర్ నుంచి టీవీ దాకా గుమ్మాల మీదుగా లాగించాను, గోడ పాడైందని అమ్మ ఇప్పటికీ సణుగుతూనే ఉంటుంది గానీ సీరియల్ మాత్రం ఆగడం లేదు. వైరు పెట్టాక టీవీలో 90 దాటలేదని కంగారు పడకండి, చాలా టీవీల ల్యాన్ పోర్టు 100కే కట్టేసి ఉంటుంది.

వైరు లాగలేకపోతే టీవీని 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కలపండి, కానీ ఒకే గదిలోనో పక్క గదిలోనో ఉంటేనే, దానికి గోడలంటే పడదు. దూరమైతే 2.4 గిగాహెర్ట్జ్ వాడాలి. అందులో పక్కిళ్ల రౌటర్లన్నీ కలిసి సంతలా ఉంటుంది, కాబట్టి రౌటర్ సెట్టింగుల్లో వైఫై ఛానల్‌ని 1, 6, 11లో ఖాళీగా ఉన్నదానికి మార్చండి. మైక్రోవేవ్ ఆన్ చేసినప్పుడే ఆగుతోందా? దానిదీ ఇదే 2.4.

వైరు మీద కూడా తక్కువే వస్తోంది: అప్పుడు లైను సంగతి చూడాలి.

నెలాఖరులోనే ఇలా అయితే డేటా కోటా అయిపోయి స్పీడు తగ్గించారేమో చూడండి. ఇంట్లో ఎవరి ఫోనైనా ఫొటోలన్నీ బ్యాకప్ చేస్తోందేమో కూడా, అప్‌లోడ్ నిండిపోతే డౌన్‌లోడూ కుంటుతుంది. ఇవేవీ కాక రోజూ రాత్రి మాత్రమే పడిపోతుంటే రద్దీ వాళ్ల వైపే. మూడు రోజులు టైముతో సహా స్క్రీన్‌షాట్లు తీసి అప్పుడు ఫోన్ చేయండి, మాట చెల్లుతుంది.

ఫైబర్ వైరు వచ్చి కలిసే బాక్సు మీద ఎల్ఓఎస్ (సిగ్నల్ రావడం లేదని చెప్పే) లైటు ఎర్రగా ఉంటే గంటసేపు ఆఫ్ చేసి ఆన్ చేస్తూ కూర్చోకండి, ఫైబర్ తెగిందో, ఎక్కడో మడత పడిందో. అవతల ఒడియాలో మాట్లాడినా హిందీలో మాట్లాడినా 'ఎల్ఓఎస్ రెడ్' అంటే చాలు, అర్థమైపోతుంది.

ఫోన్ హాట్‌స్పాట్ మీద టీవీ చూసేవాళ్లకి సరిహద్దు బాధ అదనం. మేడ ఎక్కితే ఆంధ్రాలోని పాతపట్నం వైపు టవరు, కిందికి వస్తే ఒడిశా టవరు, ఫోన్ అటూ ఇటూ ఊగుతుంటే వీడియో ఆగుతుంది. ఫోన్‌ని కిటికీలో ఒకచోట పెట్టి కదపకండి.

వైరు మీదా వైఫై మీదా రెండుచోట్లా బాగుంది, అయినా ఆగుతోంది: టీవీ తప్పు.

రిమోట్‌తో ఆపితే టీవీ పూర్తిగా ఆగదు, కునుకు తీస్తుందంతే. ప్లగ్గు పీకి ఒక నిమిషం ఆగి పెట్టండి. ఒక్క యాప్ మాత్రమే ఆగుతుంటే దాని క్యాష్ (యాప్ దాచుకున్న తాత్కాలిక డేటా) తీసేసి, అప్‌డేట్ చేయండి, వాడని యాప్‌లు తీసి స్టోరేజీ ఖాళీ చేయండి. అప్పటికీ మొరాయిస్తే టీవీ ముసలిదైపోయిందన్నమాట. కొత్తది కొనక్కర్లేదు, టీవీ వెనక హెచ్‌డీఎంఐ పోర్టులో ఒక స్ట్రీమింగ్ స్టిక్ (యాప్‌లు తనలోనే నడిపే చిన్న పరికరం) గుచ్చండి.