దీపావళి చప్పుళ్లకు కుక్క బెదరకుండా చేయడం ఎలా?

ఏటా నరక చతుర్దశి సాయంత్రం నాకు ఫోన్లు మొదలవుతాయి. "మా కుక్క మంచం కింద దూరింది, మధ్యాహ్నం నుంచీ ఏమీ ముట్టలేదు, ఏం చేయమంటారు?" అని. ఆ పూటకి చేయగలిగింది తక్కువే. కిటికీలు మూసి, టీవీ పెట్టి, దూరిన చోటే ఉండనివ్వమంటాను. అసలు పని, అంటే చప్పుడు వింటే భయం బదులు ఇష్టమైన తిండి గుర్తొచ్చేలా కుక్కకి అలవాటు చేయడం, శ్రావణ మాసంలోనే మొదలుకావాలి. భాద్రపదంలో నిమజ్జనం డప్పులు, బాంబులు వచ్చేలోపు పునాది పడాలి.

టెట్‌కి చదివినవాళ్లకి దీని పేరు తెలుసు: శాస్త్రీయ నిబంధనం. జీర్ణక్రియ మీద పరిశోధనకి 1904లో నోబెల్ అందుకున్న రష్యన్ శాస్త్రవేత్త పావ్‌లోవ్, తిండి నోటికి అందకముందే కుక్కలకి లాలాజలం ఊరడం గమనించాడు. తర్వాత మెట్రోనోమ్ (తాళం కొలిచే పరికరం) టిక్కుటిక్కుమన్నాక తిండి పెడుతూ పోతే, కొన్నాళ్లకి ఆ చప్పుడొక్కటే చాలింది. చింతకాయ మాట వినగానే మన నోరు ఊరడమూ ఇదే. భయమూ ఇదే దారిన వస్తుంది. పక్కనే ఒక్క లక్ష్మీబాంబు పేలితే చాలు, ఆ తర్వాత తలుపు దబ్బున పడినా కుక్క వణుకుతుంది. మనం చేయాల్సింది ఆ చప్పుడుకి అర్థం మార్చడం.

కావాల్సినవి: టపాసుల శబ్దాల రికార్డింగు, బ్లూటూత్ స్పీకరు, ఉడికించిన చికెన్. ఫోన్ స్పీకరు పనికిరాదు, బాంబులోని లోతైన శబ్దం అందులో పలకదు. చికెన్‌లో ఉప్పు, ఉల్లిపాయ వద్దు. ఉల్లి కుక్కలకి విషం. చిన్న ముక్కలు చేసి డబ్బాలో పెట్టుకోండి. బిస్కెట్లతో సరిపెట్టకండి. ఈ చికెన్ ఈ పనికి తప్ప ఇంకెప్పుడూ పెట్టకూడదు.

స్పీకరు మీకే వినీవినపడనంత తక్కువలో పెట్టండి. కుక్క చెవి కదిపి ఊరుకుంటే సరైన మోత. చెవులు వెనక్కి వాల్చినా, తోక ముడిచినా, ఊరికే పెదాలు నాక్కున్నా, ఎండ లేకుండా రొప్పినా ఎక్కువైనట్టే. చికెన్ వాసన చూసి కూడా తినకపోతే ఆ రోజుకి ఆపేయండి.

ఇప్పుడు అందరూ పాడుచేసే చోటికి వద్దాం. ముందు చప్పుడు, తర్వాత చికెన్. పావ్‌లోవ్ కుక్కకైనా మన కుక్కకైనా ముందొచ్చింది వెనకొచ్చేదానికి కబురు. టప్‌మనాలి, ఒక్క క్షణం ఆగాలి, అప్పుడు మీ చెయ్యి డబ్బాలోకి వెళ్లాలి. ముక్క నోట్లో పడాలి. చప్పుడు ఆగితే చికెనూ ఆగాలి.

చాలామంది దీన్ని తిరగేస్తారు. ముందు చికెన్ చూపించి, కుక్క నాలుక చాపగానే చప్పుడు పెడతారు. కుక్క నేర్చుకునేది వేరు: చికెన్ వస్తే భయంకరమైన చప్పుడు వస్తుందని. నేను చూసిన ఒక ఇంట్లో నెల తిరిగేసరికి డబ్బా మూత తీస్తే చాలు, కుక్క బాత్రూంలోకి పరుగెత్తేది. దాన్ని సరిచేయడానికి రెండింతల కాలం పట్టింది. మీకు తెలియకుండానే చప్పుడుకి ముందు మీ చెయ్యి డబ్బా వైపు కదులుతుంది, అది కూడా కబురే. అందుకే స్పీకరులో చప్పుడు మీటే పని ఇంకొకరికి అప్పగించి, మీరు చేతులు కట్టుకుని కూర్చోండి. చప్పుడు ఎప్పుడొస్తుందో మీకూ తెలియకూడదు.

ఒక విడతకి అయిదు నిమిషాలు, రోజుకి రెండు విడతలు, అంతకు మించకూడదు. చప్పుడు వినగానే కుక్క మీ మొహం వైపు ఆశగా చూస్తే, మర్నాడు మోత ఒక్క మెట్టు పెంచండి. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త కుందేలంటే భయపడే పిల్లాడికి ఇష్టమైన తిండి పెడుతూ, కుందేలుని దూరం నుంచి కొద్దికొద్దిగా దగ్గరికి తెచ్చింది. మనకి ఆ దూరమే ఈ మోత.

మేడ మీద కట్టేసి బాంబులు కాలిస్తే అదే అలవాటవుతుందంటారు కొందరు. దయచేసి ఆ పని చేయకండి. పారిపోయే దారి లేక బిగుసుకుపోయిన కుక్కని చూసి, భయం పోయిందనుకుంటారు. దగ్గరికి తీస్తే భయం పెరుగుతుందన్నదీ తప్పే. భయం ఒక పని కాదు, ఓదార్పు బహుమానంగా అందుకుని మళ్లీ చేయడానికి. మీ ఒళ్లోకి వస్తే నిమరండి.

పండగ రాత్రి నిజం టపాసులకీ ఇదే వరస: పేలింది, ముక్క. చీకటి పడకముందే బయట తిప్పి తీసుకురండి. అప్పటికీ తినలేనంత భయపడే కుక్కకి మందు అవసరం కావచ్చు. పండగకి రెండు వారాల ముందే పశువైద్యుడిని కలవండి, మనుషుల నిద్రమాత్రలు మాత్రం వేయకండి.

తగ్గిన భయం కొన్నాళ్ల విరామం తర్వాత మళ్లీ తలెత్తుతుంది, దీన్ని అయత్నసిద్ధ స్వాస్థ్యం అంటారు. మళ్లీ తక్కువ మోత నుంచి మొదలుపెడితే ఈసారి త్వరగా దారికొస్తుంది. అందుకే దీపావళి అయిపోగానే స్పీకరు లోపల పెట్టేయకండి. కార్తీక మాసమంతా వారానికి రెండు విడతలైనా జరగాలి.