నిన్న ఉన్న గుడ్డు ఇవాళ లేదు: అకార్న్ వడ్రంగి పిట్టల గూళ్ల దగ్గర సమస్య - పరిష్కారం

తొర్రలో ఏమీ కనిపించడం లేదు

అకార్న్ వడ్రంగి పిట్టలంటే అకార్న్‌లను, అంటే ఓక్ చెట్టు కాయలను, దాచుకుని తినే వడ్రంగి పిట్టలు. వీటి గూడు చెట్టు తొర్రలో ఉంటుంది. అది గూడేనా? ఈ ఒక్క ప్రశ్న వేసుకోకుండానే తొర్రలోకి చూసే కెమెరాను తిట్టేవాళ్లు ఎక్కువ. ఒకే చెట్టుకు చాలా తొర్రలుంటాయి, కొన్ని రాత్రి పడుకోవడానికే. పగలు పక్షులు వంతులవారీగా లోపల కూర్చుంటుంటే పొదుగుతున్నట్టు. సాయంత్రం మాత్రమే దూరితే అది పడక. తొర్ర ఎత్తు, దిక్కు రాసిపెట్టుకోండి. లెన్స్ కూడా తుడవండి.

గుడ్లు తగ్గాయి

నేను దెబ్బతిన్నది ఇక్కడే. సోమవారం ఒక గుడ్డు, మంగళవారం ఖాళీ. పాము పని అనుకుని 'గూడు పోయింది' అని రాసేసి రావడం మానేశాను. రెండు వారాల తర్వాత అటుగా వెళ్తే లోపల పిల్లలు!

ఈ పిట్టలు గుంపుగా బతుకుతాయి. ఒక్కోసారి రెండు మూడు ఆడపక్షులు ఒకే తొర్రలో పెడతాయి. ఇంకా గుడ్డు పెట్టని ఆడపక్షి, ముందు పెట్టినదాని గుడ్డును బయటికి తెచ్చేస్తుంది. ముక్కున తెల్లటి గుడ్డుతో వచ్చి, దగ్గర్లోని చెట్టు బెరడు సందులో ఇరికించడం తర్వాత కళ్లారా చూశాను. గుంపంతా చేరి తింటుంది, ఒక్కోసారి పెట్టిన తల్లి కూడా. తానూ పెట్టడం మొదలుపెట్టాక ఆ పక్షి ఆపేస్తుంది, ఎందుకంటే ఏ గుడ్డు ఎవరిదో దానికీ తెలియదు.

కాబట్టి గుడ్డు పోయినా పెద్ద పక్షులు ఆ తొర్రనే అంటిపెట్టుకుని ఉంటే గూడు పోయిందని రాయకండి. కొన్నాళ్లు చూస్తూ ఉండండి. మళ్లీ గుడ్డు కనిపిస్తే, ఆ రోజు నుంచి లెక్క. పొదగడం సుమారు 11 రోజులే, వారానికోసారి వెళ్తే అసలు కథ మీకు కనిపించదు.

గాదె చెట్టులో కాయలు తగ్గుతున్నాయి

గాదె చెట్టంటే ఈ పిట్టలు చిల్లులు పొడిచి, ఒక్కో చిల్లులో ఒక్కో ఓక్ కాయ దాచుకునే చెట్టు. కాయలు తగ్గాయని ఉడతల మీదికి పోకండి. ఓక్ కాయ ఎండితే కుంచించుకుని చిల్లులో వదులవుతుంది. పిట్ట దాన్ని పీకి చిన్న చిల్లులో బిగిస్తుంది. మీరు ఎప్పుడూ ఒకే కొమ్మ లెక్కిస్తే అక్కడ ఖాళీ కనిపిస్తుంది, కాయ మాత్రం పక్క కొమ్మలో ఉంటుంది. కొన్ని కొమ్మలకు గుర్తులు పెట్టి, ఒకే దూరం నుంచి, ఎండ మీ వీపున ఉండగా ఫోటోలు తీయండి.

పిల్లల సంఖ్య రోజుకోలా వస్తోంది

ఒకదానిమీదొకటి పడుకుంటాయి, అంతే. మర్నాడు మళ్లీ చూడండి. ఎగిరే వయసు దగ్గరపడితే మాత్రం కెమెరా పెట్టకండి, బెదిరి ముందే దూకేస్తాయి.

చెట్టు విరగడం, తొర్రలో నీళ్లు నిండడం అరుదు. చెట్టు విరిగితే కింద నుంచే తెలిసిపోతుంది.