నాలుగు డబ్బాల చెత్త: ఏది ఎందులో వేయాలి

2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం ఇంటి చెత్తను తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి అని నాలుగుగా విడదీసి ఇవ్వాలి. అంతకుముందు, 2016 నిబంధనల్లో, మూడే ఉండేవి. నాలుగనగానే కంగారు పడి పెద్ద డబ్బాలు కొననక్కర్లేదు. తడికి మూత ఉన్న బకెట్టు, పొడికి ఖాళీ బియ్యం సంచీ, శానిటరీకి చిన్న డబ్బా, నాలుగోదానికి పాత అట్టపెట్టె చాలు.

తడి చెత్త అంటే కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, టీపొడి, ఎముకలు, పూజ పూలు. దండలోని దారం తీసేశాకే పూలు వేయండి. ఎక్కువ ఇళ్లలో తప్పు జరిగేది కవరు దగ్గరే. చెత్తను కవరులో ముడివేసి ఇస్తే కంపోస్టులోకి ప్లాస్టిక్ కూడా వెళ్తుంది. బకెట్టు అడుగున న్యూస్‌పేపరు పరిస్తే కవరు అవసరమే ఉండదు.

పొడి చెత్తకు తడి తగిలితే ఇక దాని విలువ పోయినట్టే. సాంబారు ఒలికిన కాగితాన్ని పాత సామాన్ల కొట్టువాడు కూడా తీసుకోడు. పాల ప్యాకెట్టు మూలను పూర్తిగా తెంపకుండా, ముక్క ప్యాకెట్టుకే అంటుకుని ఉండేలా కత్తిరించి, కడిగి ఆరబెట్టండి. తెగిపడిన చిన్న ముక్కలను ఎవరూ ఏరలేరు.

ప్యాడ్లు, డైపర్లు కాగితంలో గట్టిగా చుట్టి విడిగా ఇవ్వాలి. పెయింటు డబ్బాలు, బల్బులు, పాదరసం థర్మామీటర్లు, గడువు దాటిన మందులు నాలుగో పెట్టెలోకి. ఎల్‌ఈడీ కాని పాతరకం ట్యూబ్‌లైటును పగలగొట్టొద్దు, అందులోనూ పాదరసం ఉంటుంది.

అపార్టుమెంటువాళ్లు ఇంకోటి చూసుకోవాలి. నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు గానీ, రోజుకు నీటి వాడకం 40,000 లీటర్లు గానీ, చెత్త 100 కిలోలు గానీ ఉంటే, ఏ ఒక్కటి వర్తించినా భారీగా చెత్త పుట్టించేవాళ్ల లెక్కలోకి వస్తారు. తడి చెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే శుద్ధి చేసుకోవాలి.

కంపోస్టుకు బకెట్టు తడి చెత్తకు రెండు బకెట్ల ఎండుటాకులు కలిపి, రెండు మూడు రోజులకోసారి తిరగేయండి. పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలకు మించి కారకూడదు. కుళ్లు వాసన వస్తే నీరెక్కువై గాలి ఆడట్లేదని అర్థం, ఇంకాస్త ఎండుటాకు కలపండి. తెల్ల పురుగులు కనిపిస్తే మందు కొట్టొద్దు, అవీ చెత్తనే తింటాయి.