ఇంట్లో పాట రికార్డింగ్ – 3వ పాఠం: మైకు కొనే ముందు గదిని వినండి

పోయిన పాఠంలో ఇయర్‌ఫోన్‌లో శ్రుతి పెట్టుకుని ఫోన్‌లోనే ఒక పల్లవి రికార్డు చేయమన్నాను. ఆ రికార్డింగ్ చెరిపేయకండి, ఈ రోజు దానితో పని ఉంది.

మైకు కొనాలనగానే అందరూ అడిగేది ఏ కంపెనీ అని. నేను ముందు అడిగేది ఏ గదిలో పాడతారు అని. తిరుపతిలో మనవి ఎక్కువగా మిద్దె ఇళ్లు. పైన స్లాబు, కింద టైల్స్, చుట్టూ నున్నటి గోడలు. గొంతు వీటన్నిటికీ తగిలి వెనక్కి వస్తుంది. దానికి తోడు ఫ్యాను, కుక్కర్, వీధిలో ఆటోలు. స్టేషన్ దగ్గర ఉంటే రైలు కూత. ధనుర్మాసంలో తెల్లారకముందే గుడి మైకులో పాశురాలు మొదలవుతాయి.

నేను మొదట కొన్నది కండెన్సర్ మైకు. ఒక కీర్తన రికార్డు చేసి రాత్రి నిదానంగా విన్నాను. గమకాలు ఎంత స్పష్టంగా వినిపించాయో పక్కింటి మిక్సీ కూడా అంతే స్పష్టంగా వినిపించింది. మైకు మంచిదే, నా గదికి సరిపోలేదు. ఆ డబ్బు మీకు మిగలాలనే ఈ పాఠం ఇంత వివరంగా రాస్తున్నాను.

మనకు దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. డైనమిక్ మైకులో పలుచని పొరకు సన్నని తీగచుట్ట అంటించి ఉంటుంది. గొంతు తగిలి పొర కదిలితే, అయస్కాంతం మధ్యలో తీగచుట్ట కదిలి కరెంటు పుడుతుంది. కండెన్సర్‌లో తీగచుట్ట ఉండదు. లోహపు పూత ఉన్న పొర, దాని వెనక కదలని పళ్లెం, అంతే. పొర తేలిక కాబట్టి ఊపిరి, స, శ లాంటి సన్నని ధ్వనులను బాగా పట్టుకుంటుంది. స్టూడియోల్లో వాడే చాలా కండెన్సర్లకు ఫాంటమ్ పవర్, అంటే మైకు కేబుల్ గుండానే వచ్చే 48 వోల్టుల కరెంటు, కావాలి. దాన్ని ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె, ఇస్తుంది.

డైనమిక్ అయితే గది చప్పుడు రాదని చాలామంది చెబుతారు. అది పూర్తి నిజం కాదు. డైనమిక్ మైకును నోటికి బెత్తెడు దూరంలో పెట్టుకుని పాడటానికి తగ్గట్టు తయారు చేస్తారు. అసలు లాభం ఆ దగ్గరితనం వల్ల వస్తుంది. దీన్ని మీ చెవులతోనే తెలుసుకోండి. ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో పెట్టి పాడండి. తర్వాత మూరెడు దూరంలో పెట్టి అదే పాడండి. మూర అంటే రెండు జానలు కదా. దూరం రెట్టింపైతే మీ గొంతు దాదాపు 6 డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే లెక్క) తగ్గుతుంది. గది ప్రతిధ్వని మాత్రం ఇంచుమించు అంతే ఉంటుంది. అందుకే రెండో రికార్డింగ్‌లో మీరు బావిలోంచి పాడినట్టు ఉంటుంది. ఎంత ఖరీదైన మైకు తెచ్చినా ఈ లెక్క మారదు.

ఇక దిశ. పాటకు వాడే మైకులు ఎక్కువగా కార్డియాయిడ్ రకం. తమలపాకును ఊహించుకోండి. తొడిమ దగ్గర మైకు ఉందనుకుంటే, ఆకు పరుచుకున్న వైపంతా అది వింటుంది, తొడిమ వెనక వైపు బాగా తక్కువ వింటుంది. కాబట్టి కిటికీ, వంటిల్లు, ఫ్యాను మైకు వీపు వైపు పడేలా నిలబడాలి. శ్రుతి పెట్టె బయట మోగించక తప్పకపోతే అదీ వెనకే. ఇంకో మాట. చేతిలో పట్టుకునే డైనమిక్‌లో పై కొన వైపు నుంచి పాడతాం. చాలా స్టూడియో కండెన్సర్లలో పక్క నుంచి, అంటే కంపెనీ గుర్తు ఉన్న వైపు నుంచి పాడాలి. కొత్తవాళ్లు పై కొనలో పాడేసి గొంతు డల్‌గా ఉందని మైకును తప్పుపడతారు.

ఇంతకీ ఏది కొనాలి? గది మోగుతుంటే, గొంతు గట్టిదైతే, డైనమిక్. షూర్ ఎస్ఎం58 1966 నుంచి తయారవుతోంది. దాని పేరుతో నకిలీలు చాలా తిరుగుతున్నాయి, అధీకృత డీలర్ దగ్గరే బిల్లుతో తీసుకోండి. అంత పెట్టలేకపోతే బెరింజర్ ఎక్స్ఎం8500 దానికంటే చాలా తక్కువలో వస్తుంది. నేర్చుకునే దశకు చాలు. ఇంటర్‌ఫేస్ కూడా కొనే స్తోమత ఇప్పుడు లేకపోతే శాంసన్ క్యూ2యూ చూడండి. అది యూఎస్‌బీతో కంప్యూటర్‌కూ, ఎక్స్ఎల్ఆర్ అనే మూడు పిన్నుల మైకు కేబుల్‌తో ఇంటర్‌ఫేస్‌కూ పనిచేస్తుంది. రేపు ఇంటర్‌ఫేస్ కొన్నా మైకు మార్చక్కర్లేదు. మొదటి మైకుగా నా ఓటు దీనికే.

మెల్లగా, లోగొంతులో పాడేవాళ్ల సంగతి వేరు. డైనమిక్‌తో వాళ్లు గెయిన్, అంటే మైకు నుంచి వచ్చే ధ్వని స్థాయి, బాగా పెంచాల్సి వస్తుంది, చవక ఇంటర్‌ఫేస్ అయితే వెనక 'స్స్' అనే శబ్దం తేలుతుంది. వాళ్ల గది నిశ్శబ్దంగా ఉంటే ఆడియో టెక్నికా ఏటీ2020 లాంటి కండెన్సర్ తీసుకోవచ్చు. నిశ్శబ్దం అన్నది రికార్డింగ్ విని చెప్పాలి, అలవాటైన చెవి ఫ్యానును పట్టించుకోదు.

ఫోన్‌కు నేరుగా తగిలించే 3.5 మిల్లీమీటర్ల పిన్నుతో 'స్టూడియో కండెన్సర్' అని అమ్మే చవక మైకుల జోలికి వెళ్లవద్దు. ఆ పిన్ను నుంచి 48 వోల్టులు రావు. పెట్టెలో స్టాండు, స్పాంజి, వల అన్నీ ఇస్తారు కానీ పాటకు కావలసింది ఆ మైకులో ఉండదు. చేతిలో ఉన్న డబ్బంతా మైకుకే పెట్టకండి, స్టాండుకూ, ప, భ టప్పుమనకుండా మైకు ముందు పెట్టే పాప్ ఫిల్టర్‌కూ కొంత ఉంచుకోండి.

ఇంటిపని. పాడబోయే గదిలో, పాడబోయే వేళకే కూర్చోండి. ఫ్యాను వేసి 30 సెకన్లు, ఆపి 30 సెకన్లు ఏమీ మాట్లాడకుండా రికార్డు చేయండి. తర్వాత 'పద్మావతి, భూదేవి, శ్రీనివాసా' అని బెత్తెడు, జానెడు, మూరెడు దూరాల నుంచి పలకండి. ప, భ ఎక్కడ టప్పుమంటున్నాయో, శ, స ఎక్కడ గుచ్చుకుంటున్నాయో నోట్‌బుక్‌లో రాసుకోండి. పోయిన వారం పల్లవి మళ్లీ విని అది ఏ దూరానికి దగ్గరగా ఉందో పక్కనే రాయండి. వచ్చే పాఠానికి ఆ నోట్‌బుక్, ఇంట్లో ఉన్న పాత బొంతలు రెండు సిద్ధంగా పెట్టుకోండి. అప్పటిదాకా మైకు కొనవద్దు.