సీసీ కెమెరా ఎంత ఎత్తులో పెట్టాలి?

మా వీధిలో ఒకాయన దొంగల చేతికి అందకూడదని రెండో అంతస్తు పిట్టగోడకు కెమెరా పెట్టించారు. ఓ రాత్రి కింద సైకిల్ పోయింది. ఫుటేజీలో దొంగ టోపీ, భుజాలు, సైకిల్ హ్యాండిల్ అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ముఖం మాత్రం ఒక్క ఫ్రేములోనూ లేదు.

కెమెరాకు కనబడాల్సింది ముఖం, నడినెత్తి కాదు. అందుకే ముందు గోడను కాదు, నేలను చూడండి. వచ్చినవాడు తప్పనిసరిగా అడుగుపెట్టే చోటేదో, గేటా, గుమ్మమా, తేల్చుకుని సుద్దముక్కతో గీత గీయండి. మనిషి ముఖం నేలకు సుమారు 5 అడుగుల పైన ఉంటుంది. కెమెరా 9 అడుగుల ఎత్తులో, గీత 10 అడుగుల దూరంలో ఉంటే దాని చూపు 22 డిగ్రీలే కిందికి వంగుతుంది. అదే 16 అడుగులకు ఎక్కిస్తే 48 డిగ్రీలు. ఇక టోపీ అంచు కింద ఏముందో దానికి కనబడదు. 8 నుంచి 10 అడుగులు చాలు. 7 కన్నా దిగితే చెయ్యెత్తి తిప్పేస్తారు.

డ్రిల్లింగ్‌కు ముందు ఒక పని చేయండి. ఫోన్‌లో వీడియో ఆన్ చేసి బూజుకర్రకు గట్టిగా కట్టి, అనుకున్న ఎత్తుకు లేపండి. ఇంట్లో ఒకరిని టోపీ పెట్టుకుని గీత మీద నడవమనండి. (మా ఇంట్లో ఈ వేషం నాకే పడింది.) వీడియోలో కళ్లు కనబడకపోతే కర్ర కొంచెం దించండి.

గేటు దూరంగా ఉంటే చాలామంది కెమెరాను పైకి జరుపుతారు. మార్చాల్సింది లెన్స్. 2 మెగాపిక్సెల్ కెమెరాకు 2.8 ఎంఎం లెన్స్ ఉంటే ముఖం గుర్తుపట్టగలిగేది దాదాపు 10 అడుగుల వరకే. ఆపైన ఎవరో వచ్చారని తెలుస్తుంది, అంతే. 6 ఎంఎం అయితే సుమారు 25 అడుగుల వరకు పనికొస్తుంది. కాకపోతే చూసే వెడల్పు తగ్గుతుంది.

విశాఖలో ఎత్తు తగ్గించుకోవడానికి ఇంకో కారణం ఉప్పుగాలి. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు వైపు ఇళ్లలో లెన్స్ మీద ఉప్పుపొర పేరుకుని, రాత్రి బొమ్మంతా మసకబారుతుంది. స్టూలెక్కి తుడవగలిగితేనే తుడుస్తాం, నిచ్చెన కోసం వెతకాలంటే వాయిదా వేస్తాం. ఐపీ66 (దుమ్మును, నీటి ధారను తట్టుకునే రేటింగ్) ఉన్న కెమెరా లోపలికి నీరు చేరనివ్వదు గానీ, స్క్రూల తుప్పుకు దానికీ సంబంధం లేదు. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు అడిగి తీసుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ను చూసిన ఊరు మనది, కాబట్టి బిగింపు గట్టి గోడకే ఉండాలి, రేకుకు కాదు. వైరు గోడలోకి వెళ్లే ముందు కిందికి కాస్త వంపు వేలాడనిస్తే వాన నీరు అక్కడే కారిపోతుంది.

తూర్పు ముఖంగా పెడితే పొద్దున సముద్రం వైపు నుంచి వచ్చే ఎండకు మనిషి నల్లటి నీడలా కనబడతాడు. డబ్ల్యూడీఆర్ (ఎండనూ నీడనూ ఒకే బొమ్మలో సరిగ్గా చూపే సదుపాయం) ఉన్న కెమెరా తీసుకుని, దాన్ని సన్‌షేడ్ నీడలోకి జరపండి. అయితే సన్‌షేడ్ అంచు ఫ్రేములోకి రాకూడదు. రాత్రి కెమెరా వేసే, కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు ఆ అంచు మీద పడి తిరిగొస్తే బొమ్మ తెల్లగా పాలిపోతుంది.

అందుకే స్క్రూలు పగలే పూర్తిగా బిగించకండి. చీకటి పడ్డాక, వీధి దీపం ఉండగా ఒకసారి, ఆరిపోయాక ఒకసారి చూడండి. ఎదురింటి కిటికీ కనబడుతుంటే కోణం కాస్త పక్కకు తిప్పి, అప్పుడు బిగించండి.