సీబీసీ రిపోర్టు చదవడం ఇలా

వానాకాలంలో జ్వరమొస్తే హైదరాబాద్‌లో డాక్టర్లు ముందుగా రాసేది సీబీసీ, అంటే రక్తకణాల లెక్క చూసే పరీక్ష. పరగడుపున ఉండనక్కర్లేదు. బస్తీ దవాఖానాలో శాంపిల్ ఇస్తే తెలంగాణ డయాగ్నస్టిక్స్‌లో ఉచితంగానే చేస్తారు.

మొదట హిమోగ్లోబిన్ చూడండి. ఎర్రకణాల్లో ఉండి ఆక్సిజన్ మోసేది ఇదే. మగవారికి 13, గర్భిణులు కాని ఆడవారికి 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత. అప్పుడు ఎంసీవీ (ఎర్రకణాల సగటు సైజు) కూడా చూడాలి. అది 80 లోపుంటే ఐరన్ లోపం కావచ్చు, తలసేమియా అనే వంశపారంపర్య రక్తవ్యాధికి క్యారియర్ కావచ్చు. ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించకుండా నెలల తరబడి ఐరన్ మాత్రలు మింగకండి.

తెల్లకణాలు 4,000–11,000 మధ్య ఉండాలి. డెంగీలో తగ్గడం మామూలే.

ప్లేట్‌లెట్లు 1.5 నుంచి 4.5 లక్షలు. అందరి కళ్లూ ఈ అంకె మీదే, కానీ డెంగీలో పీసీవీని (రక్తంలో ఎర్రకణాల శాతాన్ని) అంతకన్నా జాగ్రత్తగా చూడాలి. రక్తనాళాల్లోంచి ప్లాస్మా (రక్తంలోని ద్రవం) బయటికి కారితే రక్తం చిక్కబడి పీసీవీ పెరుగుతుంది. 40 ఉన్నది 48కి చేరితే, అంటే 20 శాతం పెరిగితే, జ్వరం తగ్గినా సరే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కడుపునొప్పి, ఆగని వాంతులుంటే రిపోర్టు కోసం కూడా ఆగొద్దు. పోల్చి చూడాలి కాబట్టి పాత రిపోర్టులు తేదీల వరుసలో దాచుకోండి.

ఒంట్లో ఏ ఇబ్బందీ లేకుండా ప్లేట్‌లెట్లు బాగా తక్కువ వస్తే, ఊదా మూత ట్యూబులోని ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఉంచే రసాయనం) వల్ల అవి గుంపులు కట్టి మిషన్ లెక్క తప్పి ఉండొచ్చు. స్మియర్ (గాజుపలక మీద పూసిన రక్తం) మైక్రోస్కోపులో చూడమని, ఈడీటీఏకి బదులు సిట్రేట్ ఉన్న ట్యూబులో మళ్లీ చేయమని అడగండి. డెంగీలో రక్తస్రావం లేకపోతే సాధారణంగా 10,000 దాకా పడిపోతే తప్ప ప్లేట్‌లెట్లు ఎక్కించరు. నొప్పులకు ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ వాడొద్దు, రక్తస్రావం పెరుగుతుంది. పారాసిటమాల్ చాలు.