సరిహద్దు జిల్లాల ఆసుపత్రుల్లో వికలాంగులు వైద్యం అడిగి పొందడం ఎలా

ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ, బరంపురం వైపు తెలుగు కుటుంబాల్లో వికలాంగులైన వారికి ఆసుపత్రిలో మెట్లతో పాటు భాష కూడా అడ్డుపడుతుంది. సరిహద్దులోని పాతపట్నం దాటి ఆంధ్రలోని శ్రీకాకుళం వెళితే, వికలాంగుల కార్డు ఒడిశాది కదా అనే మాట మూడో అడ్డుగా ఎదురవుతుంది. ‘వైద్యం చేయం’ అని ముఖం మీద చెప్పేవారు అరుదు. ‘రేపు రండి’, ‘ఆ గది మేడ మీద ఉంది’, ‘తోడు ఎవరూ రాలేదా’ అంటారు. నోటిమాటకు ఆనవాలు ఉండదు గనుక, జరిగిన ప్రతిదాన్నీ కాగితం మీదికి తేవడమే ఇక్కడ చేయవలసిన పని.

మొదట యూడీఐడీ కార్డు, అంటే వికలాంగుల ప్రత్యేక గుర్తింపు కార్డు సంపాదించండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. చాలా పథకాలకు కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. కేంద్ర ప్రభుత్వ స్వావలంబన్ పోర్టల్‌లో (వెబ్‌సైటులో) దరఖాస్తు చేసి వైద్య పరీక్షకు వెళ్లాలి. ఒడిశాలో కవి భీమ భోయి పేరిట బ్లాకు స్థాయిలో జరిగే శిబిరాల్లోనూ ఈ పని అవుతుంది. ఇక్కడ మనవారికి తరచుగా వచ్చే చిక్కు పేరుతో వస్తుంది: మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియా రికార్డుల్లో అది చివరికి పోతుంది, ఆధార్‌లో ఇంకో రకంగా ఉంటుంది. దరఖాస్తుకు ముందే అన్ని కాగితాల్లో ఒకే వరుస ఉండేలా సరిచేయించుకుంటే ఆ తరువాత నెలల తరబడి తిరగనక్కరలేదు. పరీక్ష తరువాత ఇచ్చే వైకల్య ధ్రువపత్రం దేశమంతటా చెల్లుతుందని చట్టంలోని 58వ సెక్షన్ చెబుతుంది. పింఛను, ఆరోగ్య బీమా వంటివి మాత్రం ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రానివే. అందుచేత ఆంధ్రలో సదరం (అక్కడి వైకల్య ధ్రువపత్రం), ఒడిశాలో ఇంకొకటి అని రెండు చోట్లా దరఖాస్తు చేయకండి.

ఆసుపత్రికి బయలుదేరే ముందు ఒక పేజీలో ఒడియాలో వివరాలు రాయించుకోండి. జబ్బు ఏమిటి, వాడుతున్న మందులు ఏవి, పడని మందులు ఏవి, ఏ సహాయం కావాలి అన్నవి అందులో ఉంటే చాలు. ఒడియా బడిలో చదివే పిల్లలు వీధికొకరు దొరుకుతారు కాబట్టి రాయించడం కష్టం కాదు. అయితే స్త్రీల వ్యాధుల వంటి విషయాలకు ఆ పిల్లలనే దుబాసీలుగా వెంట తీసుకువెళ్లడం తగదు. వినికిడి లేనివారికి ఈ పేజీయే నోరు. చూపు లేనివారు అంగీకార పత్రం మీద వేలిముద్ర వేసే ముందు దానిని తమకు తెలిసిన భాషలో చదివి వినిపించమని అడగాలి. స్వేచ్ఛగా, తెలిసి ఇచ్చిన అంగీకారం లేకుండా పిల్లలు పుట్టకుండా చేసే ఏ వైద్య ప్రక్రియనూ వికలాంగులపై జరపరాదని అదే చట్టంలోని 10వ సెక్షన్ శాసిస్తుంది. మానసిక వైకల్యం ఉన్న ఆడపిల్లల తల్లిదండ్రులు ఈ సెక్షన్‌ను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

ఓపీ చీటీ కిటికీ దగ్గర కార్డు చూపి, 25వ సెక్షన్ పేరు చెప్పి అడగండి. ప్రభుత్వ ఆసుపత్రితో పాటు ప్రైవేటు ఆసుపత్రి కూడా అన్ని భాగాల్లో అడ్డంకులు లేకుండా ఉండేలా, వికలాంగులను ముందుగా చూసేలా చర్యలు తీసుకోవలసిన బాధ్యత ప్రభుత్వానిదని ఆ సెక్షన్ అంటుంది. పోలియో వచ్చిన మా పెద్దమ్మను ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే కోసం మేడ మీదికి ఎక్కించమన్నారు. చక్రాల కుర్చీ అడిగితే తాళం ఉన్న మనిషి భోజనానికి వెళ్లాడన్నారు. మేం గొడవపడి వచ్చేశామే తప్ప ఒక్క ముక్కా రాసి ఇవ్వలేదు. తరువాత అడగబోతే అసలు మేం వచ్చినట్టు కూడా ఎవరికీ గుర్తు లేదు.

కాబట్టి నిరాకరించిన రోజే తేదీ, సమయం, కౌంటరు, అన్న మాటలు అన్నట్టే రాసి, ఓపీ చీటీ నకలు జతచేసి ఆసుపత్రి అధికారికి ఇవ్వండి. రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి. వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. జవాబు రాకపోతే కలెక్టరుకు, ఆపైన భువనేశ్వర్‌లోని వికలాంగుల రాష్ట్ర కమిషనర్‌కు రాయవచ్చు. కమిషనర్ సిఫారసు చేస్తే తీసుకున్న చర్యను సంబంధిత అధికారి మూడు నెలల్లో తెలియజేయాలి. రాయడానికి సాయం కావాలంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయ సహాయం అందుతుంది, ఫోను నంబరు 15100. నలుగురిలో కావాలని అవమానించిన వారికి 6 నెలల నుంచి 5 ఏళ్ల వరకు జైలుశిక్ష విధించే 92వ సెక్షన్ కూడా ఉంది. నా అభిప్రాయంలో దానిని మొదటి అర్జీలోనే ఎత్తడం మంచిది కాదు, ఎందుకంటే బెదిరిన గుమాస్తా కాగితమే తీసుకోడు.

అర్జీ చివర ఏమి కావాలో ఒకే వాక్యంలో రాయండి: ఎక్స్‌రే గది కిందికి మార్చాలి, లేదా చక్రాల కుర్చీ తాళం ఓపీ కిటికీ దగ్గరే ఉండాలి.